లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు కొనవచ్చా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త కారు కొనేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళని అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ రంగు బాగుంటుంది అని. పాత కారు కొనేటప్పుడు ఆ మాట కూడా అడగరు. దొరికిన రంగే రంగు. కాని డబ్బు సర్దవలసి వచ్చేసరికి మాత్రం, మన చీటీ ఎప్పుడు వస్తుంది, మన గాజులు బ్యాంకులో పెడితే ఎంత ఇస్తారు అనే లెక్కలు ముందుకొస్తాయి. మన సొమ్ము కూడా అందులో కలుస్తున్నప్పుడు ఆ వస్తువు మంచిచెడ్డలు మనమూ తెలుసుకోవటం న్యాయం కదా! అంచేత ఇవాళ పాత కారు గురించి, అందులోనూ ఒకే ఒక్క విషయం గురించి చెప్పుకుందాం. బాగా తిరిగిన కారు కొనవచ్చునా, కొనకూడదా?

బేరానికి వెళ్ళిన ప్రతివారూ మొట్టమొదట అడిగే మాట "ఎంత తిరిగింది?" అని. ముప్ఫై వేలంటే మొహం విప్పారుతుంది. లక్ష దాటిందంటే "అమ్మో, లక్షే!" అని వెనక్కి తిరిగి వచ్చేస్తారు. ఇంగ్లీషు వాళ్ళు ఈ తిరిగిన దూరాన్నే మైలేజీ అంటారు గాని, మన వాడుకలో మైలేజీ అంటే లీటరు పెట్రోలుకి బండి ఎంత దూరం నడుస్తుందనే లెక్క. ఆ రెండూ కలిపేసుకోకండి. నేను చెప్పబోయేది బండి పుట్టినప్పటినుంచీ నడిచిన మొత్తం దూరం, అంటే మీటరు మీద కనబడే అంకె సంగతి.

ఈ లక్ష అంటే మనకెందుకింత భయం? పాత రోజుల్లో చాలా కార్ల మీటర్లకి అయిదంకెలే ఉండేవి. తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటగానే మళ్ళీ సున్నాలు వచ్చేవి. లక్ష అంటే బండికి ఒక జన్మ అయిపోయినట్టు. ఆ కాలపు ఇంజన్లని కూడా మధ్యలో ఒకసారి విప్పి బోరు చేయించక తప్పేది కాదు. ఆ రోజులు పోయాయి. అంబాసిడర్ కారు తయారీయే 2014లో ఆగిపోయింది. ఇప్పటి ఇంజన్లు, ఇప్పటి ఆయిళ్ళు వేరు. వేళకి ఆయిలు మార్చుకుంటూ వచ్చిన పెట్రోలు ఇంజను లక్ష కిలోమీటర్ల దగ్గర ముసలిది కాదు, నడివయసుది. బళ్ళు మారినా మన భయం మాత్రం ఆ అయిదంకెల దగ్గరే ఆగిపోయింది.

మాటవరసకి మన ఆర్టీసీ బస్సునే తీసుకోండి. పుట్టింటికి వెళ్ళేటప్పుడు మనం ఎక్కే ఎక్స్‌ప్రెస్సు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించామా? పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోతాం. ఎందుకంటే ఆ బస్సుకి డిపో అనే పుట్టిల్లు ఒకటుంది. తిరిగి రాగానే చూసే మనిషి ఉన్నాడు. ఏది ఎప్పుడు మార్చారో రాసిపెట్టే పుస్తకం ఉంది.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే అమెరికాలో ఉంది. ఇర్వ్ గోర్డన్ అని న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్‌లో సైన్సు మాస్టారు ఒకాయన ఉండేవారు. 1966లో ఒక ఎర్ర వోల్వో కారు కొన్నారు. అదే కారు 2013లో ముప్ఫై లక్షల మైళ్ళు పూర్తి చేసింది. మన లెక్కలో నలభై ఎనిమిది లక్షల కిలోమీటర్లు! ఒకే సొంతదారు నడిపిన కార్లలో ఇంత దూరం తిరిగినది మరొకటి లేదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2018లో ఆయన పోయేదాకా ఆ కారుని వదల్లేదు. ఇంజను మధ్యలో విప్పి బాగు చేయించారు, నిజమే. కాని ఆయన చెప్పుకున్న రహస్యమల్లా కంపెనీవాళ్ళు కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏముందో అది వేళ తప్పకుండా చెయ్యటమే. మనకి ముప్ఫై లక్షల మైళ్ళు అక్కర్లేదు. మార్కెట్టుకీ, బడికీ, ఆసుపత్రికీ ఓ ఏడెనిమిదేళ్ళు నమ్మకంగా తిరిగితే చాలు.

అయితే తిరిగిన దూరానికి విలువే లేదా అంటారేమో. ఎందుకు లేదు, ఉంది. కాని అది మొదట అడగవలసిన ప్రశ్న కాదు, మూడోది. మొదటి ప్రశ్న, ఆ దూరం ఎలాంటి దారిలో, ఎవరి చేతిలో తిరిగింది? రెండోది, వేళకి మరమ్మతులు చేయించారనటానికి రుజువేమిటి? ఈ రెండిటికీ జవాబు దొరికాకే మూడోదానికి అర్థం ఉంటుంది.

మీకు బాగా తెలియాలని మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. మా పినతల్లి కూతురు, నాకు చెల్లెలు వరస, హైదరాబాదులో ఉప్పల్ వైపు ఉంటుంది. వాళ్ళ మామగారికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. తెల్లవారుజామున ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఫోనులో బండి బుక్ చేస్తే ఒకరోజు వస్తాడు, ఒకరోజు రానంటాడు. ఇహ లాభం లేదని పాత కారు కొనుక్కుందామనుకున్నారు. చీటీ పాట డబ్బులు, కొంత అప్పు కలిపి నాలుగు లక్షలు, అటూ ఇటూగా చేతిలో ఉన్నాయి. చెల్లెలు నాతో అన్న మాట ఒక్కటే. "అక్కా, సూది పోట్లు తిని నీరసంగా వచ్చే మనిషిని నడిరోడ్డు మీద ఎండలో కూచోబెట్టే గతి రాకూడదు. మిగతావి ఎలా ఉన్నా సరే."

రెండు కార్లు బేరానికి వచ్చాయి. రెండూ ఒకే కంపెనీ, ఒకే రకం, రెండూ 2017లో కొన్నవే, రెండూ పెట్రోలువే. ఒకటి ముప్ఫై ఒక్క వేలు తిరిగింది, నాలుగు లక్షల పదివేలు చెప్పారు. రెండోది లక్షా పద్దెనిమిది వేలు తిరిగింది, మూడు లక్షల నలభై. మా మరిదిగారికి మొదటిదాని మీదే మనసు. డెబ్భై వేలు ఎక్కువైతేనేం, కొత్త బండి లాంటిదే కదా అన్నారు. వినటానికి సబబుగానే ఉంది.

చెల్లెలు మాత్రం తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకుని రెండు చోట్లకీ తనూ వెళ్ళింది. మొదటి కారు ఆయన్ని "సర్వీసు పుస్తకం ఉందాండీ?" అని అడిగింది. "ముప్ఫై వేలు తిరిగిన బండికి పుస్తకాలెందుకమ్మా!" అని నవ్వారాయన. చివరికి వెతికి తెస్తే, ఆఖరి ముద్ర పడి మూడేళ్ళు దాటింది. అపార్టుమెంటు సెల్లారులో నెలల తరబడి కదలకుండా నిలబెట్టారు. తీసినప్పుడల్లా రెండు వీధుల అవతలకి వెళ్ళి రావటం, మళ్ళీ పెట్టెయ్యటం. మెకానిక్కు ఆయిలు పుల్ల తీసి చూస్తే నల్లగా జిడ్డుగా ఉంది. నీళ్ళ డబ్బాలో కూలెంటు తుప్పు రంగులో ఉంది. టైర్లు కారుతో వచ్చినవే. పైన గాట్లు బాగానే ఉన్నాయి గాని, పక్కన రబ్బరు సన్నసన్నగా పగుళ్ళిచ్చింది. బానెట్టు కింద ఎలుకలు వైర్లు కొరికిన ఆనవాళ్ళు కూడా ఉన్నాయిట.

రెండో కారు ఆయన ఇంజనీరు. ఉద్యోగం హైదరాబాదులో, సంసారం విజయవాడలో. వారం వారం వెళ్ళి వచ్చేవారు. రానుపోను అయిదువందల యాభై కిలోమీటర్లు. ఏడాదికి యాభై వారాలు వేసుకోండి, ఇరవై ఏడున్నర వేలు. నాలుగేళ్ళకి లక్షా పదివేలు. అంకె చూసి హడలిపోతాం గాని, లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు. పదివేలకొకసారి సర్వీసు చేయించిన ముద్రలు వరసగా ఉన్నాయి. తొంభై వేల దగ్గర క్లచ్చి మార్చిన బిల్లు, టైర్లు రెండోసారి మార్చిన బిల్లు, బ్యాటరీ బిల్లు, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచారు. చెల్లెలు ఆ సంచి చూడగానే "ఈ ఇంట్లో ఎవరో జాగ్రత్త తెలిసినవాళ్ళున్నారు" అనుకుందట.

ఇందులో శాస్త్రం ఏమిటో ఆ మెకానిక్కు చెప్పింది నా మాటల్లో చెబుతాను. పెద్ద రోడ్డు మీద సాఫీగా పోయే బండికి గేరు మార్చే పని తక్కువ, బ్రేకు పని తక్కువ, క్లచ్చి పని ఇంకా తక్కువ. ఇంజను ఒకసారి వేడెక్కి ఒకే తీరున నడుస్తుంది. ఊళ్ళో బండి సంగతి అలా కాదు. సిగ్నలు సిగ్నలుకీ ఆగాలి, కదలాలి. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజను పూర్తిగా వేడెక్కనే ఎక్కదు. లోపల పట్టిన చెమ్మా, కాలకుండా మిగిలిన పెట్రోలూ ఆయిల్లోనే ఉండిపోతాయి. ఆయిలు చెడిపోతుంది. అందుకే కంపెనీలు పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందయితే అప్పుడు ఆయిలు మార్చమంటాయి. తిరగలేదు కదా అని సర్వీసు మానేసేవారు ఆ "ఏడాదికో" అన్న మాట మరిచిపోతారు.

డీజిలు కార్లకి ఇంకొక చిక్కు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త కాలుష్య నిబంధనల తర్వాత, డీజిలు కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటి పెడుతున్నారు. బండి కొంతసేపు వేగంగా నడిస్తే ఆ మసి కాలిపోయి జల్లెడ శుభ్రపడుతుంది. సందు చివర కూరగాయల కొట్టుకి వెళ్ళి వచ్చే వాడకంలో అది మూసుకుపోతుంది. మార్చాలంటే చాలా ఖర్చు. ఇక్కడ తక్కువ తిరగటమే దోషం, చూశారా!

మన వంటింట్లో సంగతి ఇంతే కదండీ. రోజూ పిండి రుబ్బే గ్రైండరు లక్షణంగా తిరుగుతుంది. పండక్కి పండక్కి తీసేది, తీసినప్పుడల్లా మొరాయిస్తుంది. కుక్కరు గాస్కెట్టు అటక మీద ఊరికే పడి ఉన్నా బిరుసెక్కి పగులుతుంది. కొన్ని వస్తువులు వాడితే అరుగుతాయి, కొన్ని వాడకపోయినా వయసుకి చెడతాయి. కారులో ఈ రెండు రకాలూ ఉన్నాయి. క్లచ్చి ప్లేటు, బ్రేకులు, చక్రాల బేరింగులు, గతుకులు తట్టుకునే సస్పెన్షను సామాను, ఇవి తిరుగుడుకి అరుగుతాయి. టైర్ల రబ్బరు, నీళ్ళ గొట్టాలు, బ్యాటరీ, బ్రేకు ఆయిలు, ఇవి కాలానికి చెడతాయి. మీటరు మీది అంకె మొదటి జాబితా గురించే చెబుతుంది. రెండో జాబితా గురించి నోరు విప్పదు.

సరే, మీటరు చెప్పేదైనా నిజమేనా? అదీ అనుమానమే. మీటరు వెనక్కి తిప్పే విద్య పాతదే. ఇప్పుడు అంకెలు కంప్యూటరులో ఉంటాయి గనక ఎవరూ ముట్టుకోలేరని అనుకోకండి. ముట్టుకునేవాళ్ళున్నారు. పట్టుకోవటానికి మనకి మామూలు కళ్ళు చాలు. మీటరు నలభై వేలంటోంది, కాని కాలుకింద పెడళ్ళ రబ్బరు గీతలు అరిగి నున్నగా ఉన్నాయా? స్టీరింగు చక్రం అద్దంలా మెరుస్తోందా? డ్రైవరు సీటు ఒకవైపు కుంగిపోయిందా? అయితే ఆ నలభై వేలు నమ్మకండి. ఆయిలు మార్చినప్పుడు మెకానిక్కులు మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకి రావాలో ఒక చీటీ రాసి, తలుపు పక్కనో బానెట్టు కిందో అంటిస్తారు. మీటరు నలభై వేలు, చీటీలో ఎనభై వేలకి రమ్మని ఉంటే, ఇహ ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు వేసుకోవటమే. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు సెంటరు. బండి వచ్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు అక్కడి కంప్యూటరులో ఎక్కిస్తారు. అమ్మేవారిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ చరిత్ర చూపించమని అడగండి. దానికి ఒప్పుకోని మనిషి దగ్గర కారు కొనవద్దు.

ఇంకో నాలుగు పరీక్షలు చెబుతాను, ఇవి ఎవరైనా చెయ్యగలిగినవే.

మొదటిది, పొద్దున్నే వెళ్ళండి. మేము వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యవద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజను చెప్పినంత నిజం వేడెక్కిన ఇంజను చెప్పదు. వెళ్ళగానే బానెట్టు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు ఉందో అడగండి.

రెండోది, పొగ. నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. నల్లగా వస్తే పెట్రోలు సరిగా కాలటం లేదు. చల్లటి పొద్దున కాస్త తెల్లటి ఆవిరి రావటం సహజమే గాని, బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంటు ఇంజన్లోకి పోతోందేమో చూపించాలి. మొదటిదీ చివరిదీ పెద్ద ఖర్చులు.

మూడోది, టైరు పక్కన అంకెలు. చివర నాలుగంకెలుంటాయి. 1417 అని ఉంటే 2017వ సంవత్సరం పద్నాలుగో వారంలో తయారైందని. అయిదేళ్ళు దాటిన టైరుని ఏడాదికోసారి చూపించుకోవాలి. పదేళ్ళయితే అరగకపోయినా తీసెయ్యాలి.

నాలుగోది, ముక్కు. నవ్వకండి, ఇది మన చేతిలో ఉన్న పనిముట్టు. హైదరాబాదులో 2020 అక్టోబరు వరదలు, విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగటం మనం మరచిపోలేదు. ఎన్నో కార్లు నీళ్ళలో మునిగాయి. అలాంటివి తుడిచి, మెరుగు పెట్టి అమ్మకానికి తెస్తే మీటరు మీద తక్కువ అంకే ఉండవచ్చు. తలుపులన్నీ వేసుకుని లోపల కూచోండి. తడి బట్టలు మురిగిన వాసన వస్తోందా, దాన్ని కప్పటానికి అత్తరు దట్టించారా? కాలిపట్టా ఎత్తి, సీటు కింద మరలకి తుప్పు, మూలల్లో ఒండ్రుమట్టి ఉన్నాయేమో చూడండి. ఇనప్పెట్టెలో చీరలు దాచినవాళ్ళం, చెమ్మ వాసన మనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

ఇహ, ఎక్కువ తిరిగిన కారు ఎప్పుడు వద్దనాలో కూడా చెప్పాలి. లేకపోతే నేను ఒక పక్షమే మాట్లాడినట్టవుతుంది. లక్ష దాటింది, పుస్తకం లేదు, బిల్లులు లేవు అంటే వద్దు. టాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మార్చినదైతే ఎన్ని చేతులు మారిందో ఆర్.సి. చూసి, బాగా ఆలోచించి గాని దిగవద్దు. కొన్ని ఇంజన్లలో టైమింగు బెల్టు అని రబ్బరు పట్టీ ఉంటుంది. ఇన్ని వేల కిలోమీటర్లకో, ఇన్నేళ్ళకో దాన్ని మార్చి తీరాలని పుస్తకంలో రాసి ఉంటుంది. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజన్లలో లోపలి వాల్వులు దెబ్బతింటాయి. ఆ గడువు దాటిందా, మార్చారా, బిల్లేది? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు రావాలి. చైను ఉన్న ఇంజన్లకి ఈ గడువు మామూలుగా ఉండదు.

మరొక మాట. ఎక్కువ తిరిగిన బండి, ఎంత బాగున్నా, తక్కువ ధరకే కొనాలి. మళ్ళీ మనం అమ్మేనాడు అవతలివాళ్ళూ "అమ్మో, లక్షన్నరా!" అంటారు గదా! ఆ భయం విలువ ఈనాడే బేరంలో తగ్గించుకోవాలి. తగ్గిన డబ్బంతా ఖర్చు పెట్టెయ్యకూడదు. అందులో సగమైనా విడిగా డబ్బాలో పెట్టి, "ఇది కారుది" అని చీటీ అంటించి ఉంచాలి. అరిగే సామాను ఒకటొకటే వంతులవారీగా అడుగుతుంది. ఇవ్వటానికి డబ్బులేని ఇంట్లో మంచి కారు కూడా రెండేళ్ళలో చెడ్డ కారవుతుంది.

మా చెల్లెలు వాళ్ళు ఆ ఇంజనీరు గారి కారే కొన్నారు. మెకానిక్కు లెక్క వేసి చెప్పాడు. తక్కువ తిరిగిన దానికి నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, గొట్టాలు, వైర్లు కలిపి వెంటనే నలభై వేలు పెట్టాలి. పైగా ఆ ఇంజను లోపల ఎలా ఉందో విప్పితే గాని తెలియదు. మిగిలిన డెబ్భై వేలల్లో నలభై వేలు చెల్లెలు పక్కన పెట్టింది. ఏడాది తిరిగేసరికి ముందు సస్పెన్షనుకి పద్నాలుగు వేలు, ఏ.సి. కంప్రెసరుకి పంతొమ్మిది వేలు అయ్యాయి. మే నెలలో వారం రోజులు ఏ.సి. లేకుండా తిరగవలసి వచ్చింది. మామగారు తడి తువ్వాలు మెడలో వేసుకుని కూచునేవారట. ఏ ఖర్చూ రాలేదని చెబితే అబద్ధమవుతుంది. కాని ఏడాదిలో నూట యాభై పైచిలుకు తెల్లవారుజాములు, ఆ బండి ఒక్కనాడు కూడా స్టార్టు కానని అనలేదు. చెల్లెలు కోరుకున్నది అదే.

ఆ ముప్ఫై ఒక్క వేల కారు కొనుక్కున్నవాళ్ళు కూడా నష్టపోవాలని లేదు. చెయ్యవలసినవన్నీ చేయించి, ఆ మేరకు ధర తగ్గించుకుంటే అదీ మంచి బండే కావచ్చు. నేననేది, తక్కువ అంకెకి ఎక్కువ ధర ఇచ్చి, ఆ తర్వాత మళ్ళీ మరమ్మతులకి ఇవ్వటం రెండుసార్లు చెల్లించటమని.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. సొంత కారు ఆర్.సి. పదిహేనేళ్ళు చెల్లుతుంది. తర్వాత బండిని చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అంచేత తక్కువ తిరిగిందని పదమూడేళ్ళ బండి కొంటే, రెండేళ్ళలో ఆ తతంగం నెత్తిమీద పడుతుంది. ఆర్.సి.లో బ్యాంకు అప్పు రాసి ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం, ఫారం 35 తీసుకోండి. అమ్మకానికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకి తెలియజెయ్యాలి. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లో మన పేరుకి మార్పించమని రాసివ్వాలి. అమ్మినాయన సంపాదించుకున్న నో క్లెయిము బోనసు ఆయనది, కారుది కాదు. అది మనకి రాదు.

మీ ఇంట్లో పాత కారు అమ్ముతున్నా ఇదే జాగ్రత్త. డబ్బు చేతికొచ్చింది కదా అని పేరు మార్పు సంగతి వదిలెయ్యకండి. బండి చేతులు మారినా, ప్రమాదం జరిగిన రోజున ఆర్.సి.లో ఎవరి పేరుంటే వారే నష్టపరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

సోదరీమణులారా, నేను చదివింది పదో తరగతి. ఇంజను విప్పటం నాకు రాదు, మీలో చాలామందికీ రాదు. కాని పాలవాడి పుస్తకం, చీటీల పుస్తకం, గ్యాసు బుక్కు, పిల్లల టీకాల కార్డు ఇన్నేళ్ళుగా భద్రం చేసినవాళ్ళం. ఏ తేదీన ఏం జరిగిందో కాగితం మీద చూసి నిజం పోల్చుకోవటం మనకొచ్చిన విద్యే. ఈసారి ఇంట్లో పాత కారు మాట వస్తే, మగవాళ్ళు మీటరు చూస్తున్నంతసేపూ మీరు వెళ్ళి ఆ బిల్లుల సంచి అడగండి. సంచి ఉన్న ఇంటి కారు లక్ష తిరిగినా కూచుని బేరమాడండి. సంచి లేకపోతే ముప్ఫై వేలు తిరిగినదైనా, కాఫీ తాగి నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

సెలవు.